పెట్ట ఎందుకు అరుస్తుంది?

ఒకప్పుడు కోడిపెట్ట గుడ్డు పెడితే పక్కింటికి కూడా తెలిసేది కాదు. అంత చప్పుడు లేకుండా పెట్టేది.

ఇళ్ల మధ్య కోళ్లు ఉండాలంటే వీధి పెద్ద సన్యాసయ్య రెండు కట్టుబాట్లు పెట్టాడు. కోడి కంచె దాటకూడదు. తెల్లవారుజామున పుంజు కూత తప్ప గోల ఉండకూడదు. తప్పితే అడవికి పంపేస్తారు. అడవిలో నక్కలున్నాయి.

బంగారమ్మ ఇంటి పొడల పెట్టకు ఆ కట్టుబాట్లంటే మహా భయం. గింజ దొర్లి కంచె కిందికి పోతే మెడ కూడా చాచేది కాదు. దాని గంపలో పొదగాల్సిన గుడ్లున్నాయి మరి.

ఒకరోజు పక్కింటి నూకమ్మ కేకలేసింది. "బంగారమ్మా! నీ పెట్ట నా తోటకూర మడంతా తవ్వేసింది!"

"నా పెట్ట కంచె దాటదు వదినా."

"దాటదా? అయితే మడి దానంతట అదే తవ్వుకుందా?"

సన్యాసయ్య వచ్చి పెట్టను అడిగాడు. "ఆ వేళకి ఎక్కడున్నావే?"

"గంపలో గుడ్డు పెడుతున్నానయ్యా."

"ఎవరైనా చూశారా?"

"చప్పుడు చేయకుండా పెట్టానయ్యా. గోల వద్దన్నది మీరే కదా!"

సన్యాసయ్య గడ్డం గోక్కున్నాడు. "రేపు కూడా మడి పాడైతే నువ్వు అడవికే."

ఆ రాత్రంతా పెట్ట గుడ్లను రెక్కల కిందికి లాక్కుంటూనే ఉంది. నేను పోతే వీటికి వెచ్చదనం ఎవరిస్తారు?

మర్నాడు గుడ్డు పెడుతుండగానే కంచె అవతల మట్టి తవ్వుతున్న చప్పుడు వినిపించింది. అరిస్తే తప్పు. అరవకపోతే అడవి. పెట్ట లేచి నిలబడి గొంతు చించుకుంది.

"కొక్కొక్కొక్కో! ఇక్కడే ఉన్నా! నా గంపలోనే ఉన్నా!"

పుంజు గోడెక్కింది. "అవును! నేను చూశా! నేను చూశా!"

అందరూ పరుగెత్తుకొచ్చారు. పెట్ట గంపలోనే ఉంది. మడిలో మూతినిండా మట్టితో పందికొక్కు దొరికిపోయింది. నూకమ్మ చీపురు పట్టుకుని దాని వెంటపడింది.

పెట్ట తల వంచుకుంది. "గోల చేశానయ్యా. అడవికి పోతాను. గుడ్లు పొదిగేదాకా మాత్రం ఆగండి."

సన్యాసయ్యకు నవ్వొచ్చింది. "ఎక్కడికీ పోనక్కర్లేదు. గుడ్డు పెట్టిన ప్రతిసారీ ఇలాగే అరుస్తూ ఉండు. నువ్వెక్కడున్నావో మాకూ తెలుస్తుంది."

నూకమ్మ గుప్పెడు నూకలు తెచ్చి గంప ముందు చల్లింది.

అప్పటినుంచే పెట్ట గుడ్డు పెట్టగానే ఊరంతా వినేలా అరుస్తుంది, పుంజు దానికి సాక్ష్యం పలుకుతుంది. ఇప్పుడు ఎవరూ అడగకపోయినా సరే, తానెక్కడుందో చెప్పందే గంప దిగి దూరం పోదు.