పాత డిస్కును ఏట్లో కలిపిన రోజు

సరిచూడని పనిని అయిపోయిందని చెప్పే అలవాటు నీకుంది. తల తిప్పుకోకు, నీతోనే మాట్లాడుతున్నాను. ఒకసారి అవునంటే ఎవరూ మళ్ళీ అడగరన్న ధైర్యం నీది. మద్దిలేటికీ ఆ ధైర్యమే ఉండేది. అది ఎందాకా నిలిచిందో విను.

తుంగభద్ర ఒడ్డున గురువు నాగలింగప్పగారి మఠం. అందులో మద్దిలేటి శిష్యుడు. చదువుకున్నవాడు, చేతిలో పనితనం ఉన్నవాడు. మఠంలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉండేది, ఎవరో భక్తుడు ఇచ్చింది. లింగవ్వ అనే ముసలమ్మ చనిపోయే ముందు పాడిన తత్వాలన్నీ అందులోనే ఉన్నాయి. అవి ఏ పుస్తకంలోనూ లేవు. లింగవ్వకు వాళ్ళమ్మ నేర్పింది. లింగవ్వ తర్వాత పాడేవాళ్ళు లేరు.

ఆ ల్యాప్‌టాప్ మీట నొక్కితే, అది తెరుచుకునేసరికి పొయ్యి మీద అన్నం ఉడికేది. లోపల డిస్కు టక్కుటక్కుమని కొట్టుకునేది.

"సామీ, దీని హార్డ్ డిస్క్ అరిగిపోయింది. తీసేసి ఎస్ఎస్‌డి వేద్దాం. అందులో తిరిగే చక్రాలుండవు. రెప్ప కొట్టేలోగా తెరుచుకుంటుంది" అన్నాడు మద్దిలేటి.

"వెయ్యి. మరి పాటలు?"

"కొత్తదానిలోకి ఎక్కిస్తాను. ఆరాధన ఉత్సవం లోపల అయిపోతుంది."

మఠంలో ఒక కట్టడి ఉంది. తాటాకు గ్రంథం శిథిలమైతే కొత్త ప్రతి రాస్తారు. రాసినవాడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చివరిదాకా చదివి సరిచూడాలి. ఆ తర్వాత పాతదాన్ని తన చేత్తోనే ఏట్లో కలపాలి.

"ఇదీ అంతే" అన్నారు గురువు. "ప్రతి పాటా చివరిదాకా విను. విన్నాకే నాకు చెప్పు."

మద్దిలేటి నవ్వాడు. "తాటాకు రాసేవాడికి కునుకు పడుతుంది సామీ. యంత్రానికి పడదు."

ఆరాధన ముందురోజు అడుగు మూత విప్పి కొత్త డిస్కు బిగించాడు. పాతదాన్ని తీగతో తగిలించి పాటలు ఎక్కించడం మొదలుపెట్టాడు. కొన్ని గబగబా ఎక్కాయి. తర్వాత ఆగిపోయింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ పాట చదవడం కుదరడం లేదు, మళ్ళీ ప్రయత్నించనా, దాటేయనా?

మళ్ళీ ప్రయత్నించమన్నాడు. పాత డిస్కు గీరుకుంది, మూలిగింది. మళ్ళీ అదే ప్రశ్న.

బయట పందిరి వేస్తున్నారు. వంటావిడ సుంకులమ్మ గడపలో నిలబడింది. "ఏం నాయనా, రెప్ప కొట్టేలోగా అన్నావు? కొట్టీ కొట్టీ నా రెప్పలు నొప్పి పుడుతున్నాయి!"

మద్దిలేటి చెవులు వేడెక్కాయి. ప్రశ్న కింద చిన్న గడి ఉంది. మిగిలినవాటికీ ఇలాగే చెయ్యాలా అని దాని అర్థం. ఆ గడిలో టిక్కు పెట్టాడు. దాటేయమన్నాడు.

ఇక యంత్రం అతన్ని ఏమీ అడగలేదు. ఏం దాటిందో, ఎన్ని దాటిందో చెప్పలేదు. పూర్తయిందని మాత్రం చూపించింది.

అప్పుడు మొదలైంది భయం. ఒక్కో పాటా తెరిచి వింటే ఏది పోయిందో తెలిసిపోతుంది. ఆ తెలియడమంటేనే అతనికి వణుకు పుట్టింది. పాత డిస్కు ఉందిగా, ఇలాంటివాటిని ఓపిగ్గా చదివించేవాళ్ళు పట్నంలో ఉంటారు, ఆరాధన దాటాక తీసుకుపోదాం అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. దాన్ని గుడ్డలో చుట్టి తన బట్టల కింద దాచాడు.

పొద్దు వాలుతుండగా గురువు వచ్చారు. ల్యాప్‌టాప్ నిజంగానే రెప్పపాటులో తెరుచుకుంది.

"విన్నావా?"

"విన్నాను సామీ."

"చివరిదాకా?"

"చివరిదాకా."

"అయితే పాతది తీసుకురా. ఏటికి పోదాం."

మద్దిలేటి కదల్లేదు. "ఆరాధన కానీండి సామీ. ఆ తర్వాత కలుపుదాం."

"సరిచూశావుగా. ఇక దానితో పనేముంది?"

ఇద్దరూ మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డారు. మద్దిలేటి గుడ్డ విప్పాడు. అరచేతిలో ఆ ఇనప ముక్క బండరాయిలా బరువెక్కింది. చెప్పెయ్, చెప్పెయ్ అని గుండె కొట్టుకుంటోంది. చెబితే రేపు అంతమందిలో తల ఎత్తడం ఎలా?

"నీ మాట మీదే కలుపుతున్నాం రా" అన్నారు గురువు. అతని అరచేతి వైపు చూసి, "చెయ్యి వణుకుతోందే?" అన్నారు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి సామీ."

నడివేసవి. పొద్దంతా ఎండకు కాగిన నీళ్ళవి. గురువు వంగి దోసెడు నీళ్ళు తీసుకున్నారు. చూసి వదిలేశారు. శిష్యుడి మొహంలోకి చూస్తూ అలాగే నిలబడ్డారు. ఆయన ఎంతసేపైనా నిలబడేవారే. ఆ చూపుకు తాళలేక మద్దిలేటే చెయ్యి తెరిచాడు.

బుడుంగుమంది. అంతే.

మర్నాడు ఆరాధనలో పందిరి నిండా జనం. "లింగవ్వ ఆఖరి తత్వం పెట్టు" అన్నారు గురువు. ఆ పాట పల్లవి దాకానే ఆయనకూ వచ్చు.

మద్దిలేటి వెతికాడు. పైకి వెతికాడు, కిందికి వెతికాడు. చెమట మీటల మీద పడుతోంది. పాట లేదు. లేచి అందరి ముందూ సాష్టాంగపడ్డాడు. యంత్రం అడిగిన ప్రశ్న, తాను పెట్టిన టిక్కు, తాను వినని పాటలు, అన్నీ చెప్పేశాడు.

గురువు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక మెల్లగా అన్నారు.

"చదవలేని యంత్రం కూడా దాటేసే ముందు నిన్నొక మాట అడిగింది. నువ్వెవర్ని అడిగావు?"

"నన్ను వెళ్ళిపొమ్మనండి సామీ."

"వెళ్తే నీకు తేలిక. తంబుర తీసుకో."

గురువు పల్లవి పాడి ఆగిపోయారు. మిగిలిన పాట సాగాల్సినంతసేపూ మద్దిలేటి తంబుర మీటుతూ కూర్చున్నాడు. దాని మీద గొంతు లేదు. జనం తలలు వంచుకున్నారు.

ఏళ్ళు గడిచాయి. గురువు కాలం చేశారు. మద్దిలేటికి జుట్టు నెరిసింది. ఇప్పటికీ ప్రతి ఆరాధనలోనూ ఆ చోటికి వచ్చేసరికి తంబుర ఒక్కటే మోగుతుంది. ఇక్కడ పాట ఎందుకు లేదని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. పక్కవాళ్ళెవరూ బదులివ్వరు. తీగ మీద వేలు ఆపకుండా, తల ఎత్తకుండా, ఆయనే చెబుతాడు.

"ఉండేది. నేనే దాటేశాను."