అంతా బాగానే ఉంది, మొస్యే

వసుమతి టేపుల సంచీ తెచ్చి కఫేలో బల్ల మీద పడేసింది.

"వీటిల్లో ఏమీ లేదు మొస్యే. ఒక్కళ్ళూ నోరు విప్పలేదు."

కెర్లోక్ గారు ఉల్లిపాయల సూపు తాగుతున్నారు. తలెత్తలేదు.

ఆయన పట్టాలు సరిచేసే రైల్వే కూలీ కొడుకు. స్కాలర్‌షిప్పు మీద పారిస్‌లో పెద్ద కాలేజీకి వెళ్తే, అక్కడ ఆయన యాస విని నవ్వారు. ఆయన మొదటి పుస్తకం ఆ నవ్వినవాళ్ళ మీదే. ఎవర్ని చూసి నవ్వుతారు, ఎవరి ముందు నవ్వరు, ఆ నవ్వు ఏ ఇంట్లో నేర్చుకుంటారు, అదంతా రాశారు. పుస్తకానికి పేరొచ్చింది. పారిస్‌లోనే పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు. వద్దని, ఫ్రాన్సుకి ఉత్తరాన మిల్లులున్న ఈ ఊరికి వచ్చేశారు. సమ్మె ఎక్కడ జరిగితే అక్కడ గేటు ముందు ఉండేవారు. "ప్రొఫెసరుగారు వీధిలో పడ్డారు" అని ఒక పత్రిక వెక్కిరిస్తే, ఆ ముక్క కత్తిరించి ఈ కఫే గోడకి అంటించుకుని రోజూ దాని కిందే కూచునేవారు.

పాఠాలు కూడా అక్కడే చెప్పేవారు. "అరిచే యజమానిని చూసి భయపడకండి. అరుస్తున్నాడంటే అధికారం వాడికింకా పూర్తిగా చిక్కలేదన్నమాట. పూర్తిగా చిక్కినవాడు మెల్లిగా మాట్లాడతాడు" అనేవారు.

వసుమతి యానాం పిల్ల. తాత ఫ్రెంచి సైన్యంలో పనిచేశాడు కాబట్టి ఆ ఇంట్లో ఫ్రెంచి పౌరసత్వం ఉంది, ఫ్రెంచి చదువూ ఉంది. మాటలు మాత్రం తెలుగే. కెర్లోక్ గారి పుస్తకం చదివి, చదివితే ఈయన దగ్గరే చదవాలని వెతుక్కుంటూ వచ్చింది. వచ్చి ఇది మూడో ఏడు. ఇప్పటికీ ఆయన్ని 'మొస్యే', అంటే 'అయ్యా', అనే పిలుస్తుంది.

ఊరి చివర ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద మునిసిపల్ లాండ్రీ ఉంది. పని చేసేదంతా ఆడవాళ్ళు. మధ్యాహ్నం మిషన్లు ఆపి, అందరూ ఒక పొడుగాటి బల్ల దగ్గర కూచుని తింటారు. ఇకమీదట మిషన్లు ఆగకూడదు, ఒక్కొక్కళ్ళే వెళ్ళి తిని రావాలి అని పైవాళ్ళు కొత్త పద్ధతి పెట్టబోతున్నారు. జీతం తగ్గదు. గంటలు పెరగవు. కలిసి తినడం పోతుంది, అంతే. శుక్రవారం మునిసిపల్ సభలో తేలుస్తారు. ఆ ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో కనుక్కుని చెప్పమని సభవాళ్ళు కెర్లోక్ గారిని అడిగారు. ఆయన వసుమతిని పంపారు.

"ఏమడిగినా ఒకటే పాట" అంది వసుమతి. "అంతా బాగానే ఉంది మదాం. పైవాళ్ళకి తెలీదా మదాం. నాకేం ఇబ్బంది లేదు మదాం. తమని కట్టేసిన తాడు వాళ్ళకి కనపడటం కూడా మానేసింది మొస్యే. అదే రాశాను. 'సమ్మతి' అని శీర్షిక పెట్టాను."

"శీర్షిక బావుంది" అన్నారాయన. "ఎక్కడ మాట్లాడావు?"

"లాండ్రీలోనే. హాల్లో మిషన్ల మోతకి టేపులో ఏం వినపడదు. సూపర్‌వైజరు మదాం రోష్ పాపం తన గదే ఇచ్చింది. తలుపేస్తే చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. కాఫీ కూడా తెప్పించింది. ఒక్కొక్కళ్ళనీ ఆవిడే పిలిచి లోపలికి పంపించింది."

"నువ్వెక్కడ కూచున్నావు?"

"ఆవిడ కుర్చీలో."

ఆయన గిన్నె అడుగు రొట్టెముక్కతో తుడిచారు.

"రాసింది ఇక్కడ పెట్టి వెళ్ళు. రేపు పొద్దున్న రా. ఇక్కడికొద్దు, కాలేజీలో డైరెక్టరుగారి గదికి రా."

వసుమతికి అర్థం కాలేదు. డైరెక్టరు ఊళ్ళో లేడు. ఆ గదిలో ఈయనకేం పని? మూడేళ్ళలో ఆ మెట్లెక్కగా చూడలేదు. రాసింది అంత చెత్తగా ఉందా? వెళ్ళిపొమ్మంటారా?

సాయంత్రం వీధి చివర ఫోను పెట్టెలోంచి ఇంటికి ఫోన్ చేసింది.

"గొంతేంటే అలా ఉంది?" అంది అమ్మ.

"జలుబమ్మా."

"మీ గురువుగారు బాగా చూస్తున్నారా?"

"దేవుడమ్మా ఆయన."

"మరింకేం" అంది అమ్మ. అన్నాక కూడా కాసేపు ఫోను పెట్టలేదు.

మర్నాడు డైరెక్టరు గది ముందు నిలబడి తలుపు తట్టబోతూ వసుమతి కోటు పై గుండీ పెట్టుకుంది.

లోపల కెర్లోక్ గారు టై కట్టుకుని ఉన్నారు. పెళ్ళిళ్ళకి కూడా టై కట్టని మనిషి. పెద్ద బల్లకి అవతల, కిటికీకి వీపు పెట్టి కూచున్నారు. వెలుగు వెనకనించి రావడంతో మొహం కనపడటం లేదు. బల్లకి ఇవతల ఒక పొట్టి కుర్చీ. కూచోమనలేదు. ఆమె నిలబడే ఉంది. ఆయన ఏవో కాగితాలు తిప్పుకుని, తిప్పుకుని, చివరికి పెన్నుతో కుర్చీ చూపించారు.

ఆమె కుర్చీ అంచున కూచుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన రికార్డరు ఆమె వైపుకి జరిపి మీట నొక్కారు. ఎర్ర దీపం వెలిగింది.

"పేరు?"

వసుమతి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"కాపగంటి వసుమతి."

"ఎన్నాళ్ళయింది ఇక్కడికొచ్చి?"

"మూడో ఏడు, మొస్యే."

"మీ గురువు వల్ల నీకేమైనా ఇబ్బందులున్నాయా?"

ఉన్నాయి. తన పరిశోధనలో మొదటి అధ్యాయం వేసవికి ముందు ఆయన చేతిలో పెట్టింది. ఇప్పుడు చెట్ల ఆకులు రాలిపోయాయి. దాని ఊసే లేదు. కరపత్రాలు మాత్రం రోజూ టైపు చేయిస్తారు, వానలో నిలబెట్టి పంచిపెట్టిస్తారు. అదైనా సరే అనుకుంది. ఒకసారి మాటల్లో వాళ్ళ తాత సంగతి చెప్పింది. యానాంలో ఆఫీసరు వస్తున్నాడంటే, ఎవరూ చెప్పకుండానే తాత చొక్కా పై గుండీ పెట్టుకునేవాడని. వారం తిరక్కుండా కెర్లోక్ గారు ఆ ముక్క రేడియోలో చెప్పారు. "నాకు తెలిసిన ఒక ముసలాయన" అన్నారు. తాత పేరు లేదు, తన పేరు లేదు. వింటుంటే చెవులు కాలిపోయాయి.

అదంతా గొంతు దాకా వచ్చింది.

"లేవు, మొస్యే."

"నీ రాతలు చదువుతారా?"

"చదువుతారు, మొస్యే."

"ఇచ్చిన వెంటనేనా?"

"వెంటనే, మొస్యే."

"నీ చదువుకి సంబంధం లేని పనులేమైనా చెబుతారా?"

"అవీ నేర్చుకోవడానికే కదా, మొస్యే."

"ఇంకేమైనా చెప్పాలనుందా?"

"అంతా బాగానే ఉంది, మొస్యే."

ఆయన మీట నొక్కారు. టేపు గిర్రున వెనక్కి తిరిగింది. మళ్ళీ నొక్కారు.

గదిలో ఆమె గొంతు వినపడింది. సన్నగా, మర్యాదగా, ఎక్కడా ఒరుసుకోకుండా. ఆ గొంతు ఆమెకి తెలుసు. వారం రోజులుగా చెవులకి తగిలించుకుని వింటున్నది ఆ గొంతే. పేర్లే వేరు.

టేపు అయిపోయింది. కెర్లోక్ గారు తన సంచీలోంచి ఒక కవరు తీసి రికార్డరు పక్కన పెట్టారు. ఆమె అధ్యాయం ఉన్న కవరు. పైన ఆయన పేరు ఆమె చేతిరాతే. మూతికి అంటించిన జిగురు అంటించినట్టే ఉంది.

దాని పక్కన ఆమె లాండ్రీ మీద రాసిన కాగితాలు పెట్టారు. 'సమ్మతి' అన్నమాట పైకి కనపడుతోంది.

తర్వాత టేపు బయటికి తీసి ఆమె ముందు పెట్టారు.

"దీనికేం శీర్షిక పెడదాం?" అన్నారు.



ఆయన టై విప్పి జేబులో కుక్కుకుని లేచారు. కవరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం లాండ్రీ పని వదిలే వేళకి వసుమతి గేటు బయట ఉంది. ఆడవాళ్ళు తలగుడ్డలు విప్పుకుంటూ బయటికొస్తున్నారు. ముందు ఫాతిహా చూసింది. మనిషి పొడుగు, అల్జీరియా నించి వచ్చినావిడ.

"అదిగో, మదాం గదిలో మదాం!"

"ఇవాళ కుర్చీ మోసుకురాలేదే?" అంది పక్కనున్న లుసిండా. పోర్చుగల్ మనిషి, గుండ్రంగా ఉంటుంది, నోటికి అడ్డూ ఆపూ లేదు. అందరూ నవ్వారు.

బస్సొచ్చింది. వాళ్ళతో పాటు వసుమతీ ఎక్కింది. సీట్లు లేవు. కడ్డీ పట్టుకుని వాళ్ళ మధ్యే నిలబడింది.

"ఎర్రదీపం పెట్టె ఏది?" అంది లుసిండా.

"సంచీలో ఉంది."

"వెలుగుతోందా?"

వసుమతి రికార్డరు తీసి మూత తెరిచి చూపించింది. లోపల టేపు లేదు. లుసిండా వేలు పెట్టి తడిమి చూసి, మూత వేసి ఇచ్చేసింది.

"సరే" అంది ఫాతిహా. "మమ్మల్ని అందర్నీ అడిగావుగా. ఇప్పుడు మేం అడుగుతాం. నీకీ పని చెప్పినాయన ఎలాంటివాడు?"

"చాలా గొప్పవాడు" అంది వసుమతి వెంటనే. అని ఆగింది.

బస్సు ఒక స్టాపులో ఆగి కదిలింది.

"నేను రాసింది చదవడు" అంది.

ఆ ఒక్కమాటా బయటపడ్డాక మిగతావి ఆగలేదు. కరపత్రాలు, వాన, రేడియో, తాత చొక్కా గుండీ. మధ్యలో కోటు చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నీ తాతని పట్టుకెళ్ళి రేడియోలో పెట్టి నీ పేరే ఎత్తలేదా?" అంది లుసిండా. "మగాడు కదా, అంతే."

"ప్రొఫెసరు కదా, అంతే" అంది ఫాతిహా.

"రెండూనే. ఇంకేం కావాలి!"

వసుమతికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"మీ అమ్మకి చెప్పావా ఇదంతా?" అంది ఫాతిహా.

"లేదు. జలుబని చెప్పాను."

ఫాతిహా కిటికీలోంచి బయటికి చూసింది.

"మా అమ్మకి నేను ఆసుపత్రి ఆఫీసులో ఉన్నానని చెప్పాను" అంది. "ఏళ్ళయింది చెప్పి. చేతులు ఎందుకిలా కాలాయే అంటే, వంటింట్లో అంటాను."

తర్వాత ఎవరూ అడక్కుండానే ఫాతిహా మొదలుపెట్టింది.

"ఆ భోజనాల బల్ల సంగతి అడిగావు కదా. నిరుడు చలికాలంలో ఒదెత్ అని ఒకమ్మాయి. రోజూ డబ్బా తెచ్చేది, మూత తీసేది, మళ్ళీ పెట్టేసేది. ఆకల్లేదనేది. నాలుగు రోజులు చూశాం. ఐదో రోజు పక్కకి తీసుకెళ్ళి అడిగితే రొమ్ములో గడ్డ. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు. మేమే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాం. ఇప్పుడు బానే ఉంది."

"ఇప్పుడు మా డబ్బాలన్నీ కూడా అదే ఖాళీ చేస్తోంది" అంది లుసిండా.

"ఒక్కొక్కళ్ళే వెళ్ళి తిని రండి అంటున్నారు" అంది ఫాతిహా. "అందరం ఒక్కచోట కూచుంటేనే కదా, ఎవరు తినటం లేదో తెలిసేది."

"ఇది మదాం గదిలో ఎందుకు చెప్పలేదు?" అని వసుమతి అడగబోయింది. అడగలేదు.

ఫాతిహా దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది. లుసిండాదీ దాటింది. చివరి స్టాపులో డ్రైవరు వెనక్కి తిరిగి, "అమ్మలూ, ఇక నేను ఇంటికెళ్ళాలి" అనేదాకా మాట్లాడుతూనే ఉన్నారు.

గురువారం మధ్యాహ్నం వసుమతి కఫేకి వచ్చింది. కొత్తగా రాసిన కాగితాలు బల్ల మీద పెట్టింది. కెర్లోక్ గారు సూపు పక్కకి జరిపి అక్కడే చదివారు. మొదటినించీ చివరిదాకా, మధ్యలో తలెత్తకుండా. సూపు మీద తెట్టు కట్టింది.

"ఇది రేపు సభలో ఎవరు చదువుతారు?"

"ఫాతిహా చదువుతానంది. మిగతావాళ్ళూ వస్తారు. మిషన్లు ఆపి, అందరూ కలిసి."

ఆయన తలూపారు.

"ఎక్కడ మాట్లాడారు?"

"బస్సులో, మొస్యే."

"రికార్డరు?"

"సంచీలోనే ఉంది."

"ముందు ఎవరు మొదలుపెట్టారు?"

"నేనే."

"వాళ్ళకేం చెప్పావు?"

వసుమతి చెయ్యి కోటు పై గుండీ దగ్గరికి వెళ్ళింది. అక్కడే కాసేపు ఆగింది. గుండీ పెట్టుకోకుండానే చెయ్యి దించేసింది.

"మీ గురించి చెప్పాను, మొస్యే."

కెర్లోక్ గారు తన సంచీలోంచి ఆ కవరు తీసి బల్ల మీద పెట్టారు. మూతి చింపి ఉంది. కాగితాల అంచులు నలిగి ఉన్నాయి.

ఆయన లేచారు. పత్రిక ముక్క కింద తను రోజూ కూచునే కుర్చీ ఎత్తి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆమె పక్కన వేసుకుని కూచున్నారు.

"నాకూ చెప్పు" అన్నారు.