బోడి నేల లెక్క

ఎర్రగుట్ట వాలు మీద బోదగడ్డి పట్టీలుగా పెరిగేది. ఒక పచ్చ పట్టీ, దాని ఎగువన మూడింతల బోడి నేల, ఆపైన మళ్ళీ పచ్చ పట్టీ. ఆ గడ్డిలోనే ముసలి కుందేలు సుంకవ్వ తన మనవలను దాచుకునేది.

మబ్బులు కమ్ముతున్నాయి. దుమ్ము లేస్తోంది. అవ్వకు కాలు ఒకచోట నిలవడం లేదు. కారణం నక్క.

"ఇంత బోడి నేల దండగ కాదా?" అని అది జింకల్ని ఎగదోస్తోంది. "పట్టీలు పీకి, దుబ్బు దుబ్బు విడదీసి గుట్టంతా నాటండి. ఒక్క వానకు అంతా పచ్చనే!"

పలచటి గడ్డిలో కుందేలు పిల్లలు దాక్కోలేవని దాని ఆశ. అది అవ్వకు తెలుసు. కానీ జింకల నోట్లో అప్పుడే నీళ్ళూరుతున్నాయి.

అవ్వ ఇసుకలో నిలువుగా నాలుగు గళ్ళు గీసింది.

"ఇది మన వాలు. అడుగు గడి గడ్డి, పై మూడూ బోడి నేల. గడికో రేగు గింజ, అదే వాన. గడ్డి బతకాలంటే మూడు గింజలైనా తాగాలి. బోడి నేల గట్టిది, నీళ్ళను కిందికి జార్చేస్తుంది."

పై మూడు గింజల్నీ దొర్లించింది. అడుగు గడిలో నాలుగయ్యాయి.

"ఇది బతికింది. ఇప్పుడు గడిగడికీ నాటుదాం. దేని గింజ అదే తాగింది. ఏది బతికిందో చెప్పండర్రా!"

నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇసుకలో గీతలు గీస్తే గుట్ట వింటుందా అవ్వా? నీ గింజలు నువ్వే నములు!"

జింకలూ నవ్వాయి. నాలుగు కరువులు దాటిన అవ్వకు ఒళ్ళు మండింది.

"సరే నాయనా. ముందు నీ గుహ ముందున్న వాలులో నాటు. నిలిస్తే నా పట్టీ నేనే పీకిస్తా. నీ మాట మీద నీకే నమ్మకం లేకపోతే నోరు మూసుకుని పో."

అందరి ముందూ వెనక్కి తగ్గడం నక్కకు నామోషీ. గుహను మరుగు చేసే గడ్డంతా పీకి వాలు నిండా నాటింది.

వాన పడింది. వారానికి వాలంతా పచ్చబడింది. నక్క గంతులేసింది. జింకలు అవ్వ పట్టీ చుట్టూ చేరి కాలు దువ్వాయి.

"ఇంకో పది రోజులు ఆగండర్రా!" అని అవ్వ అరిచింది. లోపల మాత్రం గుబులు. లెక్కలో ఏమైనా మరిచానా? గింజలు మళ్ళీ పేర్చింది. మళ్ళీ అదే వచ్చింది.

పదో రోజుకు నక్క నాటిన దుబ్బులన్నీ మాడిపోయాయి. అవ్వ పట్టీ ఏపుగా నిలిచింది. మరుగు పోయిన గుహ తోడేళ్ళకు దూరం నుంచే కనిపించింది. నక్క ప్రాణాలు అరచేత పట్టుకుని గుట్ట దిగింది.

"ఏం నాయనా, గింజలు నములుతూ పోతావా?" అని అవ్వ పైనుంచి కేకేసింది.

ఖాళీగా కనిపించే చోటు ఎవరి దాహం తీరుస్తోందో లెక్క చూడకుండా దాన్ని చెరపకండి.