హైపర్‌బోలీకి చప్పట్లు

మా అప్పలాచార్యులు గారిని ప్రశ్న అడగడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, సమాధానం మాత్రం ఒక్కనాడూ తిన్నగా చెప్పిన పాపాన పోలేదు. "పద, చూద్దాం" అని చెప్పులు తొడుక్కుంటారు. ఎండ మాడుతున్నా సరే, వెనకాల మేం నడవాలి.

మొన్న తవిటినాయుడు వచ్చాడు. ఆయన దగ్గర నాతోపాటు చదువుకున్నవాడే. ఇప్పుడు సాలూరులో ఓ ప్రైవేటు బళ్లో టెన్త్ పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాడు. సిమిలీ, మెటఫర్, నౌన్ క్లాజ్, అడ్వర్బ్ క్లాజ్... అన్నం లేకపోయినా ఉండగలడు గానీ అవి లేకపోతే వీడికి పూట గడవదు.

"గురువుగారూ, క్లాసంతా డెఫినిషన్లు గడగడా అప్పజెబుతోంది. గౌరీశ్వరి అని ఒక పిల్ల ఉంది. బోర్డు మీద నేనొకటి రాస్తే తన పుస్తకంలో ఇంకోటి ఎక్కిస్తుంది. స్కూలుకి నూటికి నూరు పాస్ కావాలిట. ఆ పిల్లకి టీసీ ఇచ్చేసి, పరీక్ష ప్రైవేటుగా కట్టించేద్దామంటున్నాడు ప్రిన్సిపాలు. సాయంత్రంలోగా నా మాట చెప్పాలి. ఇలాంటి మొద్దులకి చదువెలా చెప్పాలండీ?" అన్నాడు.

"పద, చూద్దాం" అన్నారు ఈయన. ఖర్మ! నేనూ బయల్దేరాను.

క్లాసులో ఆఖరి బెంచీలో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. నాయుడు బోర్డు నిండా హైపర్‌బోలీ నిర్వచనం రాశాడు, అంటే మన అతిశయోక్తే. తలా ఓ ఉదాహరణ చెప్పమన్నాడు. ఒకడు ఏనుగుని తినేంత ఆకలన్నాడు. ఇంకొకడు తన సంచీ టన్ను బరువన్నాడు. అన్నీ గైడులో ఉన్నవే, ఏ ఊరెళ్లినా అవే! మా ముందు బెంచీలో ఉన్న గౌరీశ్వరి లేచింది. బోర్డు మీద అక్షరం చూసి ఏడాదైందని ఇంగ్లీషులో, తప్పు లేకుండా చెప్పింది.

నాయుడు మొహం చేటంత అయింది. "ఎక్స్‌లెంట్! ఇదీ హైపర్‌బోలీ అంటే! క్లాప్స్!" అన్నాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల మాత్రం ఎటు చూడాలో తెలీక అలాగే నిలబడి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆచార్యులు గారు లేచి ఆ పిల్ల పక్కకి వెళ్లారు.

"బోర్డు మీద ఏం రాసుందమ్మా?"

"తెలీదండి. తెల్లగా ఏదో ఉంది. పక్కమ్మాయి పుస్తకంలో చూసి రాసుకుంటానండి. తను తప్పు రాస్తే నాదీ తప్పేనండి."

"మరి మీ సారుకి చెప్పలేదూ?"

"చెప్పానండి. సారుతో ఇంగ్లీషులోనే మాట్లాడాలి కదండీ. ఐ యామ్ నాట్ సీయింగ్ ద బోర్డ్ అన్నాను. ఆ వెర్బుకి ఐఎన్‌జీ పెట్టకూడదని ఇంపోజిషన్ ఇచ్చారు. పేజీ నిండా ఐ కెనాట్ సీ ద బోర్డ్ అని రాసి చూపించానండి. గుడ్ అని సంతకం పెట్టారు."

చదువుకున్న గాడిద! కనబడదు మొర్రో అని పేజీ నిండా రాసిస్తే, గుడ్ అని పెట్టాడు! అరిచేద్దామనుకున్నాను గానీ ఆచార్యులు గారు నా వైపు ఓ చూపు చూశారు, ఊరుకున్నాను.

నాయుడు తనే ఆ పిల్ల సంచీ మోసుకెళ్లి మొదటి బెంచీలో పెట్టాడు. అక్కడ నించుని, కళ్లు చికిలించి, బోర్డు మీద ఉన్నదంతా ఆ పిల్ల చదివేసింది. ఎక్కడా తడుముకోలేదు. నాయుడు తిన్నగా ప్రిన్సిపాలు గదికి పోయాడు. "ఆ పిల్లకి టీసీ ఇస్తే నాకూ ఇచ్చెయ్యండి. ముందు కళ్లజోడు సంగతి చూద్దాం" అన్న వాడి గొంతు వరండా దాకా వినబడింది. హమ్మయ్య, బుద్ధొచ్చింది వీడికి అనుకున్నాను.

ఎక్కడ! గేటు దాకా సాగనంపుతూ మళ్లీ మొదలెట్టాడు.

"గురువుగారూ, ఆ పిల్ల చెప్పింది హైపర్‌బోలీ కాదని తేలిపోయింది కదా. మరి అలాంటి వాక్యాన్ని ఏమనాలండీ?"

నేను తల పట్టుకున్నాను. ఆచార్యులు గారు వాడిని కిందికీ మీదికీ చూశారు.

"బారసాలలో కూడా ముందు బిడ్డ మొహం చూస్తారురా నాయుడూ. పేరు ఆ తర్వాత" అన్నారు.