యూ చెట్టు గుండె డొల్ల ఎందుకైంది?

చర్చీల పక్కన పెరిగి వందల ఏళ్లు బతికే యూ చెట్టు ఒకప్పుడు లోపల డొల్లగా ఉండేది కాదు. బెరడు నుంచి నడిమి దాకా గట్టి చేవే. వేటు వేస్తే గొడ్డలి మొక్కవోయేదే గానీ చెట్టుకు గాటు పడేది కాదు.

అలాంటి చెట్టు ఒకటి ఇంగ్లండు దేశంలో, మార్ల్‌కూమ్ అనే చిన్న పల్లెలో ఉండేది. ఆ పల్లెకు చర్చి లేనప్పుడే అది ముసలిది. తర్వాత ఊరివాళ్లు నాగళ్లకు తగిలిన చెకుముకి రాళ్లన్నీ ఏరి తెచ్చి, దాని పక్కనే చర్చి కట్టుకున్నారు. తాతలు గోడలు లేపారు. కొడుకులు కప్పు వేశారు. మనవలు గంట తెచ్చి కొయ్య దూలానికి వేలాడదీశారు. మునిమనవల కాలానికి, గంటకో బురుజు కట్టాలని అందరికీ బుద్ధి పుట్టింది.

బురుజు పని గిల్బర్ట్ అనే తాపీమేస్త్రీ చేసేవాడు. అతని భార్య ఏవిస్ సున్నం కలిపి తట్టలతో పైకి అందించేది. వాళ్ల కూతురు టిబ్‌కు ఆరేళ్లు. అమ్మా నాన్నా పనిలో ఉంటే, ఆ పిల్ల యూ చెట్టు వేళ్ల మీద కూర్చుని కబుర్లు చెప్పేది.

"చెట్టు తాతా, నువ్వు చలికాలంలో కూడా ఆకులు రాల్చవెందుకు?" అని అడిగేది.

"నాకు బద్ధకం తల్లీ" అనేది చెట్టు. టిబ్ పడీపడీ నవ్వేది. వందల ఏళ్లు బతికినా తనను నవ్వుతూ పలకరించిన మనిషి మరొకరు లేరని చెట్టుకు తెలుసు.

బురుజు సగం లేచేసరికి ఊళ్లోకి మహమ్మారి వచ్చింది. మనిషికి చంకల్లో గడ్డలు లేచేవి, ఒళ్లు కాలిపోయేది, మూడు రోజుల్లోపే ప్రాణం పోయేది. పోయినవాళ్ల కోసం గంట పొద్దున్నే మొదలుపెట్టి సాయంత్రం దాకా మోగేది. ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏమైందని చెట్టు అడిగితే, తనను కొట్టే మనిషి కూడా పోయాడంది గంట.

ఆ వారంలోనే గిల్బర్ట్ పోయాడు. చర్చి ఫాదరు తనకు జ్వరం తగలగానే, ఇంకొకరికి అంటకూడదని చర్చిలోకి వెళ్లి లోపలినుంచి గడియ వేసుకున్నాడు. మళ్లీ ఆ తలుపు తెరుచుకోలేదు.

మిగిలినవాళ్లు ఊరు వదిలేసి, గుట్ట అవతల కొత్త ఇళ్లు వేసుకుందామనుకున్నారు. జబ్బు వెంట రాకుండా పాత ఇళ్లకు నిప్పు పెట్టారు. ఏవిస్ పిల్లను తీసుకుని వాళ్ల వెనకే నడిచింది. ఊరిపెద్ద రాల్ఫ్ దారికి అడ్డం నిలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి.

"నీ ఇంట్లో చావు జరిగిందమ్మా. నిన్ను రానిస్తే మా పిల్లలూ దక్కరు. నన్ను అడక్కు."

ఏవిస్ పిల్ల చెయ్యి పట్టుకుంది. వెనక్కి తిరిగింది. ఇల్లు బూడిదై ఉంది. చర్చి తలుపు మూసి ఉంది. వాన మొదలైంది. తల్లీ కూతురూ యూ చెట్టు కిందికి వచ్చి నిలబడ్డారు. ఆకుల సందుల్లోంచి నీళ్లు ధారగా కారుతుంటే టిబ్ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

కాసేపు ఆగమని చెట్టు వానను బతిమాలింది. ఆగడం తన చేతిలో లేదంది వాన. తలుపు తియ్యమని చర్చి గోడను అడిగింది. గడియ లోపలుంది, నేను బయటున్నానంది గోడ. అప్పుడు చెట్టు తన మొదలు దగ్గర మొలిచిన, కొయ్య తినే పసుపుపచ్చ పుట్టగొడుగును పిలిచింది. ఏళ్ల తరబడి దాన్ని బెరడు దాటి లోపలికి రానివ్వలేదు.

"నా గుండె తినెయ్యి. ఒక పిల్ల పట్టేంత చోటు కావాలి."

"నేను తినడం మొదలుపెడితే ఆపను. పోయింది మళ్లీ రాదు, ఆలోచించుకో" అంది పుట్టగొడుగు.

"ఆలోచించడానికి పొద్దు లేదు. తిను" అంది చెట్టు.

నూరేళ్ల పని ఒక్క పూటలో అయింది. చెట్టు నొప్పికి వేళ్లు మట్టిలో బిగించుకుంది. మధ్యాహ్నానికి మాను చీలి గుమ్మంలా తెరుచుకుంది. లోపల పొడిగా, వెచ్చగా ఉంది. ఏవిస్ కూతుర్ని ఎత్తి లోపల కూర్చోబెట్టి, తనూ ముడుచుకుని కూర్చుంది. టిబ్ హాయిగా నిద్రపోయింది. తర్వాతి రెండు రోజులూ, పిల్ల బతికిపోయిందనే అనుకుంది చెట్టు.

మూడోనాడు టిబ్ ఒళ్లు కాలింది. వాన తగలకుండా చోటు చేసింది గానీ, వానకు ముందే లోపలికి చేరిన జ్వరాన్ని చెట్టు ఏం చేయగలదు? పిల్ల మంచినీళ్లడిగింది. ఏవిస్ ఆకుల మీది వాన చినుకులు దోసిట్లో పట్టి తాగించింది. సాయంత్రానికి ఆ దాహమూ లేదు.

ఏవిస్ చేతులతో మట్టి తవ్వి, భర్త సమాధి పక్కనే పిల్లను పాతిపెట్టింది. తర్వాత వచ్చి మానుకు నుదురు ఆనించింది.

"నా గుండె ఇచ్చాను. అయినా చాలలేదమ్మా" అంది చెట్టు.

"నాదీ చాలలేదు" అంది ఏవిస్. గుట్ట వైపు కాకుండా మరో దారి పట్టుకుని వెళ్లిపోయింది. ఎటు వెళ్లిందో, ఎంతకాలం బతికిందో చెట్టుకు తెలియలేదు.

ఆ తొర్ర పూడ్చుకోవాలని చెట్టు చాలా ఏళ్లు చూసింది. ప్రతి వసంతంలో కొత్త కొయ్య వేసింది. అదంతా బయటే పేరుకుంది గానీ, లోపలికి ఒక్క పోగు కూడా చేరలేదు. గాలి ఆ సంగతి మిగతా చర్చీల దగ్గరున్న యూ చెట్లకు చెప్పింది. అవి విన్నాయి. ఇంకే పిల్లకైనా చోటు కావలసివస్తుందేమోనని, అవీ పుట్టగొడుగును లోపలికి రానిచ్చాయి.

అప్పటినుంచే యూ చెట్టు ముసలిదయ్యేకొద్దీ లోపల డొల్లబోతుంది. గుండె లేకపోయినా చావదు. వందల ఏళ్లు సమాధుల మధ్య నిలబడి ఆకులు వేస్తూనే ఉంటుంది.