కత్తెర పడ్డ రేకులు

ఒక తీగచుట్ట నడుమ ఉక్కు రేకులు దొంతరగా నిలబడి ఉన్నాయి. కరెంటు వచ్చిందంటే చాలు, తీగచుట్ట "ఇటు తిరగండి" అనేది. తిరిగీ తిరక్కముందే "అటు తిరగండి" అనేది. నిలబడ్డ చోటే లోలోపలి అయస్కాంతం దిక్కు మార్చుకునే ఆ తిప్పుడుకు రేకులు వేడెక్కేవి. చుట్టనూ రేకులనూ అమర్చిన లెక్కల మనిషి ఆ వేడికి పెట్టిన పేరు నష్టం.

వేడి ఎంత ఉండాలో అతని సూత్రం చెప్పేది. కొలిస్తే ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే వచ్చేది. సూత్రాన్ని అనుమానించాలని మాత్రం అతనికి తోచలేదు.

"మీలో ఎవరో మొండికేస్తున్నారు. రేపటికి తగ్గకపోతే పీకి కొలిమిలో వేస్తా," అన్నాడు.

దొంతర అంచున ఒక ముసలి రేకు ఉంది. విప్పేసిన పాత దొంతరలోంచి వచ్చింది. ఎన్ని చుట్టల మధ్య నలిగిందో దానికే తెలుసు.

"పెద్దమ్మా, కాస్త ఒదిగి తిరగరాదూ? నీతోపాటు మేమూ పోతాం," అంది పక్క రేకు.

"తిరుగుతూనే ఉన్నాను కదే. ఒళ్లు కాలుతోంది. కాలడం లేదని అబద్ధమాడమంటావా?"

మర్నాడు కొలిచినా వేడి తగ్గలేదు.

"మొదట్లో పరీక్షిస్తే ఇంత లేదే," అన్నాడు మనిషి.

"అప్పుడు మేం నిండు రేకులం, దొరా," అంది ముసలి రేకు. "తర్వాత ఈ చుట్టలో ఇమడ్చడానికి నువ్వే కోశావు. కోత పడ్డ అంచు తేలిగ్గా తిరగదు. కత్తెర పడకముందు చెప్పిన మాటే పడ్డాక కూడా చెప్పమంటే ఎలా చెబుతాం? నీ సూత్రంలో ఆ కత్తెరను కూడా కలుపుకో."

"రేకువి, నాకు నేర్పుతున్నావా?"

"పీకితే పీకు. నీ లెక్క మాత్రం కుదరదు."

పీకి, ఇంకా వెలిగించని కొలిమి ముందు పారేశాడు. లెక్క కుదరలేదు.

"ఇంకెవరు?" అన్నాడు.

"నాకూ కాలుతోంది," అంది పక్క రేకు. దాన్నీ పీకాడు. దాని పక్కదీ అదే మాట అంది.

కొలిమి ముందు గుట్ట పెరిగింది. "అంత భయపడ్డదానివి, నువ్వెందుకు నోరు విప్పావే?" అంది ముసలి రేకు, పక్క రేకుతో.

"నోరు మూసుకుంటే మాత్రం లోపల చల్లగా ఉందా, పెద్దమ్మా?"

చివరి రేకునూ లాగేశాక మనిషి కొలిచాడు. రేకుల నష్టం సున్నా. సూత్రమూ సున్నా అనే అంది. మొదటిసారి రెండూ కలిశాయి.

"చెప్పానా, లోపమంతా రేకుల్లోనే ఉందని," అంటూ చేతులు దులుపుకున్నాడు.

ఇన్నాళ్లూ కరెంటును అదుపులో పెట్టింది ఆ రేకులే. ఇప్పుడు ఆపేవాళ్లు లేక కరెంటంతా తీగచుట్ట ఒంట్లోకే ఎగబడింది. అది మాడి పొగలు కక్కుతుంటే, ఆ వేడి ఎక్కడిదో తేల్చుకోవడానికి అతను వెళ్లి రేకుల గుట్టను తడిమి చూశాడు.

గుట్ట చల్లగా ఉంది.