పదికి పది భయం

బొబ్బరపాడులో తెలివంటే మాదే అని తెడ్డువారి నమ్మకం. వానొస్తే గొడుగు తడిసిపోతుందని చొక్కా కింద దాచుకుని నడిచే తెలివి అది.

వాళ్ళబ్బాయి నూకరాజుకి మాత్రం ఒక ఇబ్బంది. నలుగురిలోకి వెళ్తే చెమటలు, వణుకు, నోట మాట రాదు. అలాంటివాడికి పెళ్ళి కుదిరింది. "పీటల మీంచి పారిపోతానేమోనమ్మా," అని వాడు కుమిలిపోతుంటే తండ్రి సన్యాసయ్య, తల్లి పైడమ్మ పట్నంలో డాక్టరమ్మకి చూపించారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి పిల్లలూ. జ్వరాన్ని థర్మామీటరుతో చూస్తాం కదా? మనుషుల్ని చూస్తే కలిగే భయాన్ని ప్రశ్నలతో చూస్తారు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ఎంత భయం, నలుగురి ముందు తినాలంటే ఎంత అని అడిగి, అంకె వేస్తారు. అంకె తగ్గితే నయమైనట్టు. నాతోపాటు అనండి, తగ్గితే నయం. ఆ, అదీ.

డాక్టరమ్మ అన్నీ అడిగి, "పదికి ఏడు," అంది. "రోజూ కొంచెం కొంచెంగా జనంలోకి పంపండి. నెల పోయాక మళ్ళీ చూద్దాం."

సన్యాసయ్య మొహం మాడిపోయింది. "మన వంశంలో ఏడా?"

"పక్కింటి వాళ్ళకి తెలిస్తే తలెత్తుకోగలమా," అంది పైడమ్మ. "పదికి పది తెప్పించాల్సిందే."

అంతే, భయానికి ట్యూషన్ మొదలైంది. సంత నడుమ వాణ్ణి గుమ్మడికాయల బండెక్కించి, "మా వాణ్ణి చూడండి," అని కేకలేశారు. వాడు గజగజ వణికాడు. "భేష్, ఇంకొంచెం వణుకు," అన్నాడు సన్యాసయ్య. ఎవరింట పెళ్ళిభోజనాలైనా తీసుకెళ్ళి, ముద్దముద్దకీ లేచి "నేను నూకరాజుని" అని చెప్పి తినమన్నారు. జనం మొదట నవ్వారు. తరవాత వాళ్ళకే విసుగొచ్చింది.

"తెలుసులేరా, పప్పు చల్లారిపోతోంది, కూర్చుని తిను."

ఇంకేముంది, వాడి భయం అరిగిపోయింది. సంతలో నిలబడి గుమ్మడికాయలు బేరమాడి అమ్మిపెడుతున్నాడు.

నెల పోయాక డాక్టరమ్మ నవ్వుతూ, "పదికి ఒకటి," అంది.

పైడమ్మ కూలబడింది. "గ్రేసు మార్కులేమైనా కలుపుతారా తల్లీ?"

"నయమైందండీ మీవాడికి."

"ఒకటొస్తే నయమంటుందేమిటే ఈవిడ," అన్నాడు సన్యాసయ్య.

అంతే, సిగ్గుతో ఇంటికొచ్చి తలుపులేసుకున్నారు. ఎవరు పిలిచినా గంపలు బోర్లించుకుని వాటి కింద దూరడమే. పెళ్ళి దగ్గరపడింది. నూకరాజు బతిమాలి డాక్టరమ్మనే ఇంటికి తీసుకొచ్చాడు.

"నలుగురి మొహం చూడాలంటే ఎంత భయం?" అని అడిగిందావిడ.

"చచ్చేంత," అన్నాయి రెండు గంపలూ.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఇద్దరికీ పదికి పది."

సన్యాసయ్య గంప పైడమ్మ గంప దగ్గరికి జరిగింది.

"విన్నావుటే?"

"విన్నాను. పిల్లాడికి రాకపోయినా మనకొచ్చింది."

"ఇక బయటికి రండి నాన్నా, పెళ్ళికి వెళ్దాం," అన్నాడు నూకరాజు.

"వస్తే మార్కులు తగ్గిపోవూ?"

ఇద్దరూ గంపలతోనే పందిట్లోకి వచ్చారు. నూకరాజు తొణక్కుండా బెణక్కుండా తాళి కట్టాడు. అక్షింతలు వేయమన్నారు పంతులుగారు. తల్లీతండ్రీ గంపల లోపలే గుప్పెళ్ళెత్తి బలంగా విసిరారు. అన్నీ తిరిగి వాళ్ళ నెత్తినే పడ్డాయి.

"చూశావుటే," అన్నాడు సన్యాసయ్య, "పదికి పది వస్తే పైవాడే అక్షింతలేస్తాడు."